పదమూడో వరుస గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా బావమరిది ఎక్సెల్ షీట్‌లోని పదమూడో వరుస గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమే, నడుములు తప్ప.

తమరికి నేను గుర్తుండకపోవచ్చు. నాకు మాత్రం తమరు కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నారు. కోనసీమ టూర్ ప్లాన్, లేత ఆకుపచ్చ రంగు గడి: ‘3:15 – 3:45, ఆత్రేయపురం, స్థానికులతో మమేకం.’ తమకు పైన పన్నెండో వరుసలో వాడపల్లి వెంకన్న, కింద పద్నాలుగో వరుసలో వాష్‌రూమ్ బ్రేక్. వెంకన్నకి ఇరవై నిమిషాలు. ఆ స్వామి దగ్గరికి జనం ఏడు శనివారాలు వరసగా వచ్చి ఏడేసి ప్రదక్షిణలు చేస్తారు. మావాడు ఆయనతో విడిగా ఏదో మాట్లాడుకున్నట్టున్నాడు. ధవళేశ్వరం బ్యారేజీకి పాతిక నిమిషాలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేశాడు, అంటే ఐదేళ్ళు. ఆయనకి షీట్ వేసిచ్చేవాళ్ళు లేకపోయారు పాపం.

తమది గొప్ప వంశం అని విన్నాను. 1986లో రోమ్ నగరంలో, స్పానిష్ మెట్ల దగ్గర బర్గర్ల దుకాణం పెడుతుంటే ఒళ్ళు మండి లేచిన ఇటలీవాళ్ళ దగ్గర స్లో ఫుడ్ ఉద్యమం పుట్టిందట. దాని తమ్ముడు స్లో ట్రావెల్. ఊళ్ళు లెక్కపెట్టుకుంటూ పరిగెత్తకండి, ఒకచోట కుదురుగా ఉండండి, అక్కడివాళ్ళు ఎలా బతుకుతున్నారో చూడండి అని దాని సారం. ఆ సారం ముప్ఫై సెకన్ల రీల్‌గా మావాడి ఫోన్‌లోకి వచ్చింది. మావాడు కదిలిపోయాడు. అప్పటికే పదహారు వరుసలున్న షీట్‌లో ఒక్కటి కూడా తియ్యకుండా, నెమ్మదిగా ఉండటం అనే పదిహేడో పని కలిపాడు. ఆ నెమ్మదికి చోటు కావాలి కాబట్టి టిఫిన్‌కిచ్చిన నలభై నిమిషాల్ని పదికి కోశాడు. అదీ తమ జన్మవృత్తాంతం. తమరు మా ఇడ్లీల మీద పుట్టారు.

ఇక ఆ రోజు సంగతి. రాత్రి హైదరాబాద్‌లో బండెక్కి పొద్దున్నే నరసాపురంలో దిగాం. ప్లాన్ ప్రకారం ఎనిమిదింటికి పంటు అనే పెద్ద బల్లకట్టు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి చేరాలి. అక్కడ కారు మాట్లాడి ఉంచాడు. రేవులో చూస్తే పంటు ఇసుక మేట పక్కన నిద్రపోతున్న గేదెలా ఉంది. దాని మీద అప్పటికే ఎక్కేసిన రెండు ఆటోలు, డజను బైకులు, ఒక గడ్డి మోపు.

“ఎంతసేపండీ?” అన్నాడు మావాడు.

“పాటు మీదుందండి. పోటొస్తే కదులుద్దండి.”

“పోటు ఎన్నింటికి?”

“వచ్చినప్పుడు వచ్చుద్దండి.”

సముద్రం అక్కడికి దగ్గర. ఆటుపోట్లకి ఏటి నీళ్ళు కూడా లేచి దిగుతుంటాయి. రేవులో ఒక్కరికీ టెన్షన్ లేదు. మావాడు మాత్రం ఫోన్‌లో తమరినీ తమ సోదర వరుసల్నీ పావుగంట కిందికి, అరగంట కిందికి జరుపుతూ కూర్చున్నాడు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోదామంటే కారు అవతలి ఒడ్డున ఉంది. అలా రెండున్నర గంటలు.

ఆ రెండున్నర గంటలు షీట్‌లో ఏ వరుసకీ చెందవు. కాబట్టి ఏం జరిగిందో తమకి తెలిసే అవకాశం లేదు, నేనే మనవి చేసుకుంటాను.

టీ కొట్టాయన మొదట “ఏ ఊరండి?” అన్నాడు. హైదరాబాద్ అన్నాను. అది ఆయన లెక్కలో జవాబు కాదు. “అది సరేనండి, అసలూరు?” మా అమ్మమ్మ పుట్టిల్లు పాలకొల్లు అని నోరు జారాను. ఆయన టీ వడగట్టడం ఆపేశాడు. ఏ వీధండి, ఎవరి తాలూకండి, ఇల్లు అమ్మేశారా, ఎంతకమ్మేశారు, అయ్యో అప్పుడే ఎందుకమ్మేశారండి, హైదరాబాద్‌లో ఫ్లాటెంతండి, లోనెంతుందండి. నా జీతం మా ఆవిడ సమక్షంలో ఇంత వివరంగా చర్చకు రావడం అదే మొదలు. చుట్టూ మరో నలుగురు చేరారు. స్థానికుల జీవితం చూద్దామని బయల్దేరిన మమ్మల్ని స్థానికులే కూర్చోబెట్టి చూస్తున్నారు. వాళ్ళు టికెట్ కూడా కొనలేదు.

కొట్టు పక్క అరుగు మీద ఒకావిడ లేసు అల్లుతోంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా ఉన్న పనే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పారంటారు. వీళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లిన పువ్వులు సముద్రాలు దాటి దొరల బల్లల మీదికి వెళ్ళాయి. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అన్న ముద్ర, కూడా వచ్చింది. ఆ గుర్తింపు అల్లే చేతికి ఎన్ని రూపాయలు పెంచిందని నేను అడగలేదు, అడిగే మొహం లేక. ఆవిడ చేతిలో చివర కొక్కెమున్న సన్నటి సూది, ఒళ్ళో దారపు ఉండ. చూపుడువేలి మీద దారం ఒరుసుకుని ఒరుసుకుని గాడి పడింది. మాతో మాట్లాడుతున్నంతసేపూ చేతి వంక చూడనే లేదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నేర్పమని పక్కన చేరింది. “రండి పాపగారూ” అని సూది చేతికిచ్చింది. ఐదుసార్లు తప్పింది. ఐదుసార్లూ ఆవిడ దారం కొస పట్టుకుని సర్రున లాగేసింది, పువ్వంతా విడిపోయి మళ్ళీ దారమైపోయింది. మా పిల్ల ఇంట్లో ఒక్క లెక్క తప్పితే నోట్సు విసిరికొడుతుంది. అక్కడ మాత్రం ఆరోసారి కూర్చుంది. ఇంతలో పంటు కూత వేసింది. పోటొచ్చేసింది.

అప్పటినుంచి కారులో పరుగే. అంతర్వేది నరసింహస్వామికి కిటికీలోంచి దండం పెట్టామని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మిగతా వరుసల గతీ అంతే, వాటి పేర్లెత్తి బాధపెట్టను. తమరి సన్నిధికి చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. అయినా మావాడు తమరిని రద్దు చెయ్యలేదు, పన్నెండు నిమిషాలకు కుదించాడు.

ఆత్రేయపురంలో ఒకావిడ పూతరేకులు తీస్తూ పొయ్యి దగ్గరుంది. బోర్లించిన కుండ, కింద కంతలోంచి ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి రుబ్బిన జయ బియ్యప్పిండి పాల కంటే పల్చగా ఉంది. అందులో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగేస్తే, ఊపిరి తీసుకునేలోపు రేకు లేచి వస్తోంది. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది. ఊరంతటిలో నెమ్మదిగా చెయ్యడానికి వీల్లేని పని ఏదో వెతికి మరీ మావాడు నెమ్మది నేర్చుకోవడానికి తీసుకొచ్చాడు. ఆ పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది. అప్పటినుంచి వచ్చే పోయే కెమెరాలు ఎక్కువయ్యాయో ఏమో, ఆవిడ మమ్మల్ని చూడగానే “ఫోటోలైతే ఇటు నుంచి తీసుకోండి, వెలుతురు బావుంటది” అంది.

మావాడు వాచీ చూసుకుని మమేకం మొదలుపెట్టాడు. “మీ జీవన విధానం గురించి చెప్పండమ్మా.”

“ఏముందండి, పొయ్యి.” ఇంకో రేకు తీసింది. “మీరేం చేస్తారండి?”

“స్క్రమ్ మాస్టర్‌ని.”

“అంటేనండి?”

మావాడు చెమట తుడుచుకున్నాడు. “అంటే... పనిచేసేవాళ్ళని రోజూ పొద్దున్నే, నిన్నేం చేశారు, ఇవాళేం చేస్తారు, పనెక్కడ ఆగింది అని అడుగుతాను.”

“అంతేనాండి? మా అత్తగారు ఊరికే చేస్తారండి అది.”

పన్నెండు నిమిషాలూ అయిపోయాయి. మావాడు తమరి ఎదురుగా టిక్కు పెట్టాడు. నేను పక్కనే ఉండి చూశాను.

కాబట్టి పదమూడో వరుస గారికి నా విన్నపం ఏమిటంటే, దయచేసి తమరు లేచి వెళ్ళిపోండి. పోతూ పోతూ పక్క వరుసలు రెండు మూడింటిని కూడా తోడు తీసుకెళ్ళండి, అలవాటైన స్నేహం కదా. ఆ గడులు ఖాళీగా ఉంచండి. టీ కొట్టాయనకి నా లోను ఇంకా ఎన్నేళ్ళుందో చెప్పడం సగంలో ఆగిపోయింది. మా అమ్మాయికి ఆరో పువ్వు బాకీ ఉంది. మొన్న రాత్రి నేనే తమరిని చెరిపేద్దామని షీట్ తెరిచాను. మావాడు నాకు వ్యూ పర్మిషన్ మాత్రమే ఇచ్చాడు.

ఇట్లు,
తమ సేవలో అలసిన
ఒక బావగారు

తా.క.: సంక్రాంతికి అరకు ప్లాన్ వచ్చింది. తమకి ప్రమోషన్, నలభై ఐదు నిమిషాలు. టిఫిన్ వరుస కోసం రెండుసార్లు వెతికాను, కనబడలేదు.