ఉరిశిక్ష మీద అప్పీల్ ఎందుకని అడిగేవాళ్లకు

ఉరిశిక్ష వార్త ఏది వచ్చినా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట. "ఇంకా అప్పీలేంటి, రేపే వేలాడదీయక!" నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చంపినవాడికి రెండు నెలలు తిరక్కుండానే కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ పాప ఫొటోయే కళ్లముందు తిరిగింది. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను.

కానీ అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి నేను చాలా ఆలస్యంగా చదివాను. అప్పటినుంచి "అప్పీలెందుకు" అని ఎవరన్నా ఊరుకోలేకపోతున్నాను.

2003లో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో, తోటలో గుడిసె వేసుకుని ఉంటున్న ఒక కుటుంబం మీద రాత్రిపూట దొంగలు పడ్డారు. ఐదుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారం చేశారు. ఒక తల్లీ కొడుకూ మాత్రం ప్రాణాలతో మిగిలారు. పోలీసులు ఆరుగురిని పట్టుకున్నారు. అందరూ సంచార జాతికి చెందిన కూలీలు, కడుబీదవాళ్లు. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. 2007లో హైకోర్టు ముగ్గురికి ఉరి ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవం ఇచ్చింది. 2009లో సుప్రీంకోర్టు, అవును సుప్రీంకోర్టే, ఆ ముగ్గురికి కూడా మళ్లీ ఉరి వేసింది. ఆరుగురిలో ఒకడు నేరం జరిగేనాటికి మైనర్ అని 2012లో గానీ తేలలేదు. మూడు కోర్టులు దాటిపోయినా ఒక కుర్రాడి వయసు సరిగ్గా చూసినవాళ్లు లేరు!

2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, అంటే ఐదుగురు జడ్జీల బెంచ్, ఒక మార్పు తెచ్చింది. అంతకుముందు ఉరిశిక్ష రివ్యూ పిటిషన్లను, అంటే ఇచ్చిన తీర్పునే మళ్లీ చూడమని సుప్రీంకోర్టును అడిగే అర్జీలను, జడ్జీలు తమ గదుల్లో కాగితాలు చూసి తేల్చేవారు. ఇకమీదట కనీసం ముగ్గురు జడ్జీలు ఓపెన్ కోర్టులో లాయర్ వాదన వినాలని చెప్పింది. అలా ఈ కేసు మళ్లీ తెరుచుకుంది. 2019 మార్చి 5న జస్టిస్ సిక్రీ, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా బెంచ్ ఆరుగురూ నిర్దోషులని తీర్పు చెప్పింది. వాళ్లు జైలుకెళ్లి అప్పటికి పదహారేళ్లు. ఒక్కొక్కరికి ఐదు లక్షలు పరిహారం ఇమ్మన్నారు. పదహారేళ్లకు ఐదు లక్షలు. లెక్క మీరే వేసుకోండి.

ఎందుకు వదిలేశారో తెలుసా? బతికి బయటపడ్డ ఆ తల్లి, పోలీసులు చూపించిన పాత నేరస్థుల ఫొటోల్లో నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురూ వేరేవాళ్లు. ఈ ఆరుగురిలో ఒక్కరూ కాదు. ఆ సంగతిని ప్రాసిక్యూషన్ తొక్కిపెట్టేసింది.

ఇంకో మాట కూడా చాలామందికి తెలియదు. సెషన్స్ జడ్జి ఉరి వేసినంత మాత్రాన ఎవరినీ ఉరితీయడానికి లేదు. ముద్దాయి అప్పీల్ చేసుకోకపోయినా ఫైలు దానంతట అదే హైకోర్టుకు పోతుంది. ఇది క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 366వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 407. హైకోర్టులో సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి. ఇదేదో హంతకుల మీద జాలిపడి పెట్టింది కాదు. ప్రాణం తీశాక తప్పు తెలిస్తే దిద్దుకునే దారి ఉండదు గనక పెట్టింది.

ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఒక నివేదిక ఇచ్చారు. కింది కోర్టుల్లో ఉరి పడ్డవాళ్లలో చివరిదాకా ఆ శిక్ష నిలబడింది నూటికి ఐదుగురికి కూడా కాదు. ఉరిశిక్ష పడ్డ ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది పేదవాళ్లే. జైల్లో ఉన్న కూలివాడికి మంచి లాయర్ ఎక్కడ దొరుకుతాడు? ముఖం కూడా చూడని లాయర్, చదవని కాగితాలు, తెలియని భాషలో వాదన. వాడికి అప్పీల్ కూడా లేకపోతే ఇంకేముంది?

"మరి చచ్చిపోయినవాళ్ల సంగతేంటి?" అని మా బాబాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే అడుగుతున్నాను, 2009 తీర్పు తర్వాత ఆ ఆరుగురినీ ఉరితీసి ఉంటే ఏమయ్యేది? కేసు ముగిసిపోయేది. ఆ తల్లి తన వేలితో చూపించిన ఆ నలుగురి గురించి మళ్లీ ఎవరూ అడిగేవారు కాదు. వాళ్ల మీద తిరిగి దర్యాప్తు చేయమనీ, తప్పు చేసిన పోలీసు అధికారుల మీద చర్య తీసుకోమనీ సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే 2019 తీర్పులో. అప్పటికి ఆమె ఆ నలుగురిని గుర్తుపట్టి పదహారేళ్లయింది.