తొలిచిన దోనె కాదది, కుట్టిన పడవ

"ఇంగ్లండులో పాత కొట్టంలో దొరికిన 250 ఏళ్ల పడవ! ప్రపంచంలోకెల్లా పురాతనమైనది. రెడ్ ఇండియన్లు చెట్టు మాను తొలిచి, ఒక్క మేకు లేకుండా చేశారు. చిన్న వాగులు దాటడానికే పనికొచ్చేది. ఈ విద్య అంతరించిపోయింది." ఈ మెసేజ్ ఫొటోతో సహా మా బంధువుల గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది.

పడవ నిజమే. కార్న్‌వాల్‌లోని ఎనిస్ ఎస్టేటులో 2010లో బయటపడింది. 1776లో సైన్యంతో కెనడా వెళ్లిన లెఫ్టినెంట్ జాన్ ఎనిస్ తెచ్చాడంటారు. కొన్నాళ్లు ఫాల్మౌత్ మ్యూజియంలో ఉండి, తర్వాత కెనడాలోని పీటర్‌బరో కెనూ మ్యూజియానికి చేరింది. మిగిలిన బెరడు పడవల్లో బాగా పాతవాటిలో ఇదొకటి, అంతవరకే. నెదర్లాండ్స్‌లో పెస్సె దగ్గర 1955లో రోడ్డు పనిలో దొరికిన దోనె వయసు దాదాపు 10,000 ఏళ్లు.

అసలు తప్పు 'తొలిచి' అన్న మాటలో ఉంది. తొలిచి చేసేది దోనె. కొల్లేటి వైపు తాటిదోనె చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇది బెరడుతో కుట్టిన పడవ. ఆ చెట్టు పేరు బర్చ్, మన భూర్జానికి దాయాది. కశ్మీరులో దాని పట్ట మీద గ్రంథాలు రాశారు, అమెరికా ఉత్తరాన దాని చుట్టం పట్టతో పడవలు చేశారు.

చేసే వరస ఇంకా విడ్డూరం. కృష్ణలో తిరిగే పుట్టికి ముందు వెదురు బుట్ట అల్లి, దానిమీద తోలో టార్పాలినో కప్పుతారు. ఇక్కడ అంతా తలకిందులు: ముందు పైతొడుగు, తర్వాత అస్థిపంజరం. బెరడును నేలమీద పరిచి, రాళ్లు బరువు పెట్టి, అంచులు పైకి మడిచి గూటాలతో నిలబెడతారు. పై అంచుకి చెక్క పట్టీలు పెట్టి, చీల్చిన స్ప్రూస్ చెట్టు వేళ్లతో కుడతారు. లోపల సీడర్ అనే చెట్టు పలచని చెక్కలు పరుస్తారు. చివర్లో వేడినీళ్లతో వంచిన పట్టీలను పక్కటెముకల్లా బిగించి దూరుస్తారు. వాటి బిగువుకే బెరడు డోలు చర్మంలా సాగుతుంది. అతుకులకు కొవ్వు కలిపిన స్ప్రూస్ జిగురు పూస్తారు. బెరడు తెల్లవైపు లోపలికి పోతుంది, చెట్టుకి అంటుకున్న గోధుమరంగు వైపు నీళ్లకి తగులుతుంది. అందుకే ఫొటోలో పడవ తెల్లగా లేదు.

మేకుల మాట సరే, పాత పద్ధతిలో అక్కర్లేదు. 19వ శతాబ్దంలో చాలామంది వాడారు.

"చిన్న వాగులకే" అన్నది మాత్రం నవ్వొచ్చే మాట. 1603లో ఫ్రెంచి నావికుడు షాంప్లేన్ కెనడాలోని లషీన్ దగ్గర రాళ్ల మధ్య ఉరికే నీళ్లలో తన పడవలు ముందుకు పోక, ఈ దేశంలో తిరగాలంటే స్థానికుల పడవలే కావాలని రాసుకున్నాడు. తర్వాత బొచ్చు వ్యాపారులు మాంట్రియల్ నుంచి వాడిన పెద్ద బెరడు పడవలు సుమారు 36 అడుగులుండేవి, మూడు టన్నుల సరుకు మోసేవి. నదిలో దారి ఆగినచోట మనుషులే పడవను భుజాన ఎత్తుకుని నడిచేవారు. చిరిగితే బాగుచేసే సరంజామా ఒడ్డునే చెట్ల రూపంలో ఉండేది!

'రెడ్ ఇండియన్లు' అని అందరినీ ఒక మూట కట్టడం కూడా పొరపాటే. ఓజిబ్వేలు, ఆల్గాంక్విన్లు, మిక్‌మాలు, పెనోబ్‌స్కాట్లు ఎవరి ఆకారం వారిదే. మిక్‌మా పడవ అంచు నడిమధ్య పైకి లేస్తుంది, అలలు లోపలికి పడకుండా.

ఇక అంతరించిపోయిందన్న మాట. 19వ శతాబ్దం చివర కాన్వాసు పడవలొచ్చి దెబ్బ కొట్టిన మాట వాస్తవమే. ఆ రోజుల్లోనే టాపన్ అడ్నీ అనే యువకుడు న్యూ బ్రన్స్‌విక్‌లో పీటర్ జో అనే మాలిసీట్ జాతి పనివాడి దగ్గర ఈ పని నేర్చుకుని, తర్వాత వందకు పైగా నమూనాలు చేశాడు. అవి వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ అనే ఊరి మ్యూజియంలో ఉన్నాయి. క్యూబెక్‌లో ఆల్గాంక్విన్ పెద్దాయన విలియం కమాండా 2011లో పోయేదాకా పేరున్న పడవ పనివాడు. ఇవాళ్టికీ ఆయా జాతుల్లో బెరడు పడవ కట్టేవాళ్లున్నారు.

ఈసారి పంపేవాళ్లు కనీసం 'తొలిచి' తీసేసి 'కుట్టి' అని పెట్టండి.