2028లో రాకడ అంట: ఆ ఫార్వర్డుకు నా జవాబు

బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. ఆరున్నర నిమిషాలు. దానికి తోడు ఒక పోస్టరు: ఎర్ర చంద్రుడు, ఎండిన నది, మధ్యలో పెద్ద అంకెల్లో 2028. ఒక్క రోజులో నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది, కడపలో ఉన్న మా పిన్ని దగ్గర్నుంచి కూడా. అందులో చెప్పేది ఇది: ప్రభువు రాకడ, అంటే యేసు తిరిగి రావడం, 2028 దాటదు, ఆ లోపే సంఘం ఎత్తబడుతుంది, అంటే విశ్వాసులు ఆకాశానికి తీసుకుపోబడతారు, దానికి రుజువులు లేఖనాల్లోనూ వార్తల్లోనూ ఉన్నాయి. కాబట్టి స్థలాలు కొనకండి, పిల్లల పెద్ద చదువుల వెంట పరుగులు తీయకండి.

ఇలాంటివి మామూలుగా చూసి వదిలేస్తాను. ఈసారి వదలకపోవడానికి కారణం మా వీధి పీజీలో వంట చేసే అక్క. కదిరి వైపు మనిషి. కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "కోర్సేమో నాలుగేండ్లు, రాకడేమో రెండేండ్లలోనంట. ఇంత ఫీజు కట్టేది దండగ కాదా తమ్ముడూ?" అనింది.

రాకడను నేను నమ్ముతాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచినప్పుడల్లా "ఆయన వచ్చువరకు" అని వింటూ పెరిగినవాణ్ణి. నాకు పేచీ ఆ లెక్కతోనే. అందుకే ఆ వాయిస్‌లో చెప్పిన వరుసలోనే ఒక్కొక్కటీ చూస్తాను.

"అంజూరపు చెట్టు అంటే ఇశ్రాయేలు. అది 1948లో చిగిర్చింది. ఈ తరం గతింపదని ప్రభువు అన్నాడు. కీర్తన 90 ప్రకారం తరం అంటే 80 ఏళ్ళు. 1948కి 80 కలిపితే 2028."

మొత్తం మెసేజ్‌కి ఇదే మూలస్తంభం, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇశ్రాయేలు దేశం 1948 మే 14న ఏర్పడింది, అది నిజం. ఇక చెట్టు సంగతి. మత్తయి 24లో అంజూరపు చెట్టు ఒక్కటే ఉంది. అదే ఉపమానాన్ని లూకా రాసినప్పుడు 21వ అధ్యాయంలో "అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను చూడుడి" అని ఉంది. అంజూరం ఇశ్రాయేలైతే, మిగతా చెట్లన్నీ ఏ దేశాలు? వేప ఏది, చింత ఏది? చిగుళ్ళు చూసి వేసవి దగ్గరపడిందని తెలుసుకున్నట్టే అని పల్లెలో ఎవరికైనా అర్థమయ్యే మాట అది. ఆ ఉపమానంలో ఇశ్రాయేలు పేరే లేదు.

ఇక 80. నిజానికి ఈ లెక్క ముందు 40తో మొదలైంది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరిగిన 40 ఏళ్ళను తరంగా పట్టుకుని, 1948కి కలిపి 1988 అన్నారు. అమెరికాలో ఒకప్పుడు నాసాలో ఇంజనీరుగా చేసిన ఎడ్గర్ విజనెంట్ అనే ఆయన, ఆ ఏడాదే ఎత్తబడుట జరుగుతుందని 88 కారణాలతో పుస్తకం వేశాడు. సెప్టెంబరు 11 నుంచి 13 మధ్య అని తేదీలు కూడా ఇచ్చాడు. (ఇంజనీరు లెక్క కదా, తప్పదని నమ్మి ఉంటారు. బెంగళూరులో ఉండేవాళ్ళకు ఇంజనీర్ల గడువుల సంగతి చెప్పక్కర్లేదు.) 1988 గడిచింది. ఆయన మళ్ళీ 1989 అన్నాడు. 40 పనిచేయకపోతే 70 వచ్చింది, అది 2018. అదీ పోయింది కాబట్టి ఇప్పుడు 80. జవాబు ముందే రాసుకుని, దానికి సరిపోయే అంకె వెతుక్కోవడం ఇది.

కీర్తన 90 తరం ఎన్నేళ్ళో చెప్పడానికి రాసింది కాదు. మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై, అదీ ఆయాసమే అని మోషే ప్రార్థన. రెండు వచనాల తర్వాత "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అంటాడు. మన రోజులు లెక్కపెట్టుకోమన్న కీర్తనతో ప్రభువు రోజు లెక్కకట్టారు.

"ఈ తరము" అన్న మాట ఎవరి గురించన్నది వేరే చర్చ. ఆ అధ్యాయం మొదలయ్యేదే దేవాలయం రాళ్ళు చూపించిన శిష్యులతో. ఆ దేవాలయాన్ని రోమా సేనాని తీతు సైన్యం క్రీ.శ. 70లో నేలమట్టం చేసింది, మాట విన్న తరం బతికుండగానే. అధ్యాయంలో కొంత భాగమైనా అక్కడే నెరవేరిందని చెప్పే వ్యాఖ్యాతలు చాలామంది ఉన్నారు.

"దినము, గడియ తెలియవన్నాడు గానీ సంవత్సరం తెలియదనలేదు కదా!"

వాయిస్‌లో ఆ బ్రదర్ ఇక్కడ గొంతు పెంచి నవ్వుతాడు కూడా. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో శిష్యులు ఇదే అడిగారు. జవాబు: "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు, వాటిని తెలిసికొనుట మీ పనికాదు." కాలం అన్నాక అందులో సంవత్సరం పట్టదా? పైగా ఈ తెలివి కొత్తదీ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే రైతు ముందు ఏడాదే చెప్పాడు: 1843 మార్చి 21 నుంచి 1844 మార్చి 21 లోపల. అది దాటాక ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని రోజుకు దిగారు. ఏడాదితో మొదలుపెట్టినవాళ్ళు చివరికి తేదీ దగ్గరికే వస్తారు. ఆ రాత్రి ఎదురుచూసి తెల్లవారి ఏడ్చిన వాళ్ళ కథను అమెరికా చరిత్రలో మహా ఆశాభంగం అంటారు.

"యూఫ్రటీసు ఎండిపోతోంది. ప్రకటన 16:12 నెరవేరింది."

బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ఆ వచనం యూఫ్రటీసు నీళ్ళు ఎండిపోతాయని చెబుతుంది. నదిలో నీళ్ళు తగ్గిన మాట నిజం. ఎందుకు తగ్గాయన్నది వాయిస్‌లో లేదు. యూఫ్రటీసు టర్కీలో పుట్టి, సిరియా మీదుగా ఇరాక్ వెళ్తుంది. పైన కట్టిన ఆనకట్టలు ఒకటా రెండా: టర్కీలో కేబాన్, సిరియాలో తబ్కా 1970లలో వచ్చాయి. అతాతుర్క్ డ్యామ్ నింపడానికి టర్కీ 1990 జనవరిలో దాదాపు నెల రోజులు నది ప్రవాహాన్నే ఆపేసింది. దానికి కరువులు తోడయ్యాయి. పైవాడు నీళ్ళు ఆపితే కిందవాడు గొడవపడటం కావేరి నీళ్ళు తాగే మనకు కొత్త కథా? 2024 వేసవిలో మన లేఅవుట్లలో బోర్లు ఎండిపోయినప్పుడు ఎవరూ ప్రకటన గ్రంథం తెరవలేదు. ట్యాంకరు రేటెంతని అడిగారు.

అన్నిటికంటే వింత, ఈ రుజువు ఆ బ్రదర్ బోధకే అడ్డం తిరుగుతుంది. సంఘం ముందు ఎత్తబడుతుంది, లోకం మీదికి ఏడేళ్ళ శ్రమలు ఆ తర్వాత అని ఆయన బోధ. యూఫ్రటీసు ఎండేది దేవుని కోపంతో నిండిన ఏడు పాత్రల్లో ఆరవది కుమ్మరించినప్పుడు, అంటే ఆ శ్రమల చివరి దశలో. నది నిజంగా ఆ ప్రవచనం ప్రకారమే ఎండుతుంటే, ఆయన లెక్క ప్రకారం ఆయన ఇక్కడ ఉండకూడదు, వాయిస్ మెసేజ్ పంపకూడదు.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. శ్రమలకు ముందే రహస్యంగా ఎత్తబడుట అనే ఈ క్రమం 1830ల నుంచి బ్రెదరెన్ అనే క్రైస్తవ వర్గానికి చెందిన జాన్ నెల్సన్ డార్బీ బోధల ద్వారా వ్యాపించింది. వివరణలతో 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని ఇంటింటికీ చేర్చింది. తెలుగు నేలకూ బ్రెదరెన్ పరిచయం పాతదే: ఆ వర్గం మిషనరీలు 1830ల్లోనే నర్సాపురం వచ్చారు. వాళ్ళ సేవను నేను తక్కువ చేయడం లేదు. కానీ రహస్యం అన్న మాటకు ఆధారంగా చూపే 1 థెస్సలొనీకయులు 4లో ఉన్నదేమిటి? "ఆర్భాటముతోను, ప్రధానదూత శబ్దముతోను, దేవుని బూరతోను." రహస్యానికి ఇంత చప్పుడెందుకో నాకెప్పటికీ అర్థం కాలేదు.

"భూకంపాలు పెరిగాయి, చంద్రుడు రక్తమయ్యాడు."

7 తీవ్రత దాటిన భూకంపాలు ప్రపంచంలో ఏడాదికి సగటున 16 వరకు వస్తాయి. 1989లో ఆరే వచ్చాయి, 2010లో 23. ఎక్కువతక్కువలు ఉంటాయి. పెరిగింది ముఖ్యంగా కొలిచే కేంద్రాలు: 1931లో ప్రపంచమంతటా 350 ఉంటే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. ఫోన్లు కూడా పెరిగాయి, అందుకే మయన్మార్‌లో భూమి కదిలితే నిమిషంలో మన చేతిలో వీడియో. ఇక వీటి గురించి ప్రభువే "అంతము వెంటనే రాదు" అన్నాడు, "వేదనలకు ప్రారంభము" అన్నాడు. ఎర్ర చంద్రుడు సంపూర్ణ చంద్రగ్రహణం, అంతే. భూమి గాలిపొర గుండా వంగి వెళ్ళే ఎర్రటి వెలుగు చంద్రుడి మీద పడుతుంది. 2014, 2015ల్లో నాలుగు వరసగా వచ్చినప్పుడూ ఇదే గోల చేశారు.

"ఆధార్, యూపీఐలే మృగము ముద్ర. అవి లేకుండా కొనలేం, అమ్మలేం."

అక్క భయపడింది ముఖ్యంగా దీనికే. మృగము అంటే ప్రకటన గ్రంథంలో దేవునికి ఎదురు నిలిచే శక్తి. ఆ 13, 14 అధ్యాయాలు కలిపి చదివితే ముద్ర ఆరాధనతో ముడిపడి ఉంటుంది: మృగానికి నమస్కారం చేసి ముద్ర వేయించుకునేవాళ్ళు అని. నేను ఆధార్ తీసుకున్న రోజు ఎవరికీ మొక్కమనలేదు, క్యూలో నిలబడమన్నారు. పది వేళ్ళు, రెండు కళ్ళు చూపించుకుని వచ్చాను. ముద్ర వేసేది కుడిచేతి మీద గానీ నొసటి మీద గానీ అని అక్కడుంది; నా ఆధార్ నంబరు ఆ రెండు చోట్లా లేదు. 14వ అధ్యాయం మొదటి వచనంలోనే గొర్రెపిల్ల (క్రీస్తు) వెంట ఉన్న లక్షా నలభై నాలుగు వేలమంది నొసళ్ళ మీద దేవుని నామం రాసి ఉంది. దాన్ని చిప్ అని ఎవరూ అనరే?

ప్రకటన 13లో మృగానికి ఇచ్చిన సంఖ్య 666 విషయంలో చాలామంది పండితులు చెప్పేది, రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి వాటి విలువలు కూడితే వచ్చే సంఖ్య అని. కొన్ని పాత ప్రతుల్లో 616 ఉంది. హెబ్రీలో 'నీరోన్' అని రాసిన ఆ పేరులో చివరి 'న్' తీసేస్తే అదే వస్తుంది. రెండో శతాబ్దంలోనే క్రైస్తవ బిషప్పు ఐరేనియస్ ఈ 616 పాఠం గురించి రాసి, అది తప్పు ప్రతి అన్నాడు. పేర్లు ఊహించడం కన్నా నెరవేరేదాకా ఆగడమే క్షేమమని కూడా హెచ్చరించాడు.

ఇంతకీ ఆ పోస్టరు కింది మూలన ఏముందో చూశారా? పరిచర్యకు కానుకలు పంపడానికి క్యూఆర్ కోడ్.

దక్షిణ కొరియాలో దామీ మిషన్ నడిపిన లీ జాంగ్ రిమ్ 1992 అక్టోబరు 28న ఎత్తబడుట అన్నాడు. నమ్మినవాళ్ళు ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మి ఇచ్చారు. ఆ తేదీకి నెల ముందే పోలీసులు ఆయన్ను మోసం కేసులో అరెస్టు చేశారు. ఆయన దగ్గర బాండ్లు దొరికాయి. అవి చేతికొచ్చేది 1993 మేలో. మన బ్రదర్ అలాంటివాడని నేననను, ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. కానీ అక్క ఫీజు డబ్బు ఎవరి మాట మీద ఆగిందో ఆ మనిషి 2029లో ఆమెకు జవాబు చెప్పడానికి రాడని మాత్రం తెలుసు.

అక్కకు నీరో, టర్కీ ఏవీ చెప్పలేదు. రెండో థెస్సలొనీక పత్రిక తీసి రెండో అధ్యాయం చదివాను. ప్రభువు దినం వచ్చేసిందని పౌలు రాసినట్టుగా ఎవరో పత్రిక తిప్పుతున్నారని, కలవరపడొద్దని అక్కడ ఉంది. "అప్పుడు కూడా ఫార్వర్డులేనా!" అని ఆశ్చర్యపోయింది. తర్వాత మూడో అధ్యాయం. పని మానేసి తిరిగేవాళ్ళను పౌలు అక్కడ గట్టిగా మందలిస్తాడు.

"అయితే కట్టేదేనా?"

"కట్టేయ్ అక్కా."

సోమవారం పొద్దున ఫోన్‌పేలో మొదటి విడత కట్టి స్క్రీన్‌షాట్ పంపింది. కింద ఒక చిన్న వాయిస్, వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తూ: "ఇది ముద్ర కాదు కదా తమ్ముడూ?" ఆ వెంటనే నవ్వు.