ప్రార్థన అలవాటు కమిటీ వారి నివేదిక

మా క్రైస్తవ సంఘంలో ప్రార్థన తగ్గిపోయిందని మొట్టమొదట కనిపెట్టింది అయ్యగారు కాదు, సంఘ పెద్దలూ కాదు. కరెంటు బిల్లు. మందిరం బిల్లు సగానికి పడిపోయిందని కోశాధికారిగారు ఎంతో సంతోషంగా చదివి వినిపించారు. అందరం స్తోత్రం అన్నాం. అప్పుడు అయ్యగారు మెల్లగా, "ఎందుకు తగ్గిందంటారు?" అని అడిగారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రాత్రి ప్రార్థన ఎప్పుడు ఆగిపోయాయో ఎవరమూ చెప్పలేకపోయాం. ఆపినవాళ్లంటూ లేరు. వాటంతట అవే ఆగాయి.

ఇంత గంభీరమైన సమస్య వచ్చినప్పుడు ఏ సంఘమైనా చేసే పనే మేమూ చేశాం. కమిటీ వేశాం. తొమ్మిదిమందిమి, నేను కార్యదర్శిని. తెల్లవారుజామున ఐదింటికి మందిరంలో ప్రార్థన పెట్టి, దాన్ని సంఘానికి అలవాటుగా మార్చడం మా బాధ్యత.

అలవాటు పడడానికి ఎన్ని రోజులు పడుతుందన్న దాని మీదే రెండు మీటింగులు గడిచాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం లెక్కన నలభై అన్నారొకరు. బైబిల్లో దానియేలు మూడు వారాలు దుఃఖపడ్డాడు కాబట్టి ఇరవై ఒకటి అన్నారు మరొకరు. చదువుకున్న కుర్రాడొకడు లేచి, లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో దీని మీదే లెక్క తీశారనీ, సగటున 66 రోజులు పట్టిందనీ, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేలిందనీ చెప్పాడు. "ఆ 254 మన సంఘంవాడే అయ్యుంటాడు" అన్నారు కోశాధికారిగారు. చివరికి ఇరవై ఒకటి ఖాయం చేశాం. ఆ మూడు వారాలూ దానియేలు మాంసం ముట్టలేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రార్థన తర్వాత టిఫిను మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించాం.

అనుభవం కోసం ఒంగోలు ప్రార్థన కొండకు కూడా వెళ్లొచ్చాం. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు, వెరసి ఐదుగురు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని మోకరించారు. క్లౌ దొర వచ్చి అక్కడ కాపురం పెట్టింది 1866లో. గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది 1878 జులై 3న. మా కమిటీ ఈ పద్ధతిని నిశితంగా పరిశీలించి లోపాలు రాసుకుంది. మైకు లేదు. ఫ్లెక్సీ లేదు. హాజరు ఐదే. ఫలితానికి పన్నెండేళ్లు. మా అయ్యగారికి మూడేళ్లకే ట్రాన్స్‌ఫరు. అంచేత ఆ నమూనా మాకు పనికిరాదని తీర్మానించి, కొండ దిగి భోంచేశాం.

ఇక మైకు. ఐదింటికి ఇరవైమంది వస్తారు, చిన్న మందిరం, మామూలుగా మాట్లాడినా చివరి వరసకు వినబడుతుంది. అయినా మైకు లేని ప్రార్థన ఉప్పు లేని పప్పని పెద్దల అభిప్రాయం. మైకుకు ఎకో పెట్టాం. ఒకసారి "ప్రభువా" అంటే నాలుగుసార్లు పైకి వెళ్తుంది. వ్యర్థమైన మాటలు వచింపవద్దని మత్తయి ఆరో అధ్యాయంలో ఉన్నమాట నిజమే గానీ, మిగతా మూడుసార్లు వచించేది మనం కాదు, ఆంప్లిఫయరు. కీబోర్డు తమ్ముడొకడున్నాడు. ప్రార్థించేవారి గొంతు వణకగానే సన్నగా రాగం అందుకోవాలని అతనికి ఆజ్ఞ. నాలుగో రోజు నిద్రమత్తులో వేరే మీట నొక్కాడు. డప్పు దరువు మొదలైంది. ఒప్పుకోలు ప్రార్థన రెండు నిమిషాల పాటు ఆ దరువు మీదే నడిచింది. ఎవరూ కళ్లు తెరవలేదు. కొందరు తెరవలేకపోయారు, గాఢనిద్ర. గెత్సేమనేలో యేసు ప్రార్థిస్తుంటే పేతురు, యాకోబు, యోహాను పడుకున్నట్టే మావాళ్లూ పడుకున్నారు గనక మా సంఘానికి అపొస్తలుల పునాది గట్టిగానే ఉందని గమనించగలరు.

బహిరంగ ప్రార్థనలో మావాళ్లది అందెవేసిన చెయ్యి. ఎనిమిదో రోజు ఒక పెద్దాయన ఇలా ప్రార్థించారు: "ప్రభువా, మూడో వీధిలో మా సహోదరి ఒకామె, పేరు నేను చెప్పనక్కర్లేదు, నీకు తెలుసు, మేడ కట్టుకుంది. గృహప్రతిష్ఠకు అందరినీ పిలిచి కొందరిని మరిచింది. ఆమె హృదయముతో మాటలాడుము." ప్రభువు సంగతేమో గానీ, ఇరవైమందిమీ ఒక కన్ను తెరిచి ఆ సహోదరి వైపు చూశాం. ఆమె మర్నాటి నుంచి రాలేదు. పంతొమ్మిది.

రానివాళ్ల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఎవరికో ఆపరేషనని మనవి వస్తే, ఐదు నిమిషాల్లో నూటపన్నెండు జోడించిన చేతుల బొమ్మలు పడ్డాయి. ఒక్కో బొమ్మను పావు ప్రార్థనగా లెక్కించాలని కమిటీ నిర్ణయించింది. ఆ లెక్కన ఇరవై ఎనిమిది ప్రార్థనలు. నా బొమ్మ నేను బస్సులో నిలబడి పెట్టాను. ఆపరేషను ఎవరికో ఇప్పటికీ తెలీదు. చైన్ ప్రార్థన కూడా వేశాం. 1727లో జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్లనే క్రైస్తవులు గంటకొకరు చొప్పున మొదలుపెట్టిన గొలుసు నూరేళ్లకు పైగా నడిచిందట. మాది మొదటి రాత్రే రెండింటి దగ్గర తెగింది.

ఇంట్లో కూడా అలవాటు చేయాలని, కమిటీ సభ్యుణ్ని గనక, నేనే ముందు మొదలుపెట్టాను. రెండో రోజు ఆమేన్ అనగానే మా మనవరాలు అడిగింది. "తాతయ్యా, దేవుడితో మాట్లాడేటప్పుడు నీ గొంతు మారిపోతుందేంటి?" నిజమే. పాలవాడితో మామూలు తెలుగు, పరలోకంతో మాత్రం "దయచేయుము, కటాక్షించుము, అనుగ్రహించుము". దేవుడికి మన వాడుక భాష రాదేమోనని ఎప్పుడు అనుమానం పుట్టిందో నాకే గుర్తులేదు. ఈ ప్రశ్న కమిటీ పరిధిలోకి రాదని దానికి చెప్పి పడుకోబెట్టాను.

ఇంతవరకూ అన్నీ సక్రమంగా నడిచాయి గానీ, పదిహేడో రోజు లెక్కలో ఒక లోపం వచ్చింది. నాలుగున్నరకు వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది. ఊరంతా చీకటి. ఫ్యాన్లు ఆగి మెలకువ వచ్చినవాళ్లు కూడా కరెంటు లేదు గనక కూడిక ఉండదనుకున్నారు. మందిరానికి వచ్చింది ఐదుగురం. మైకు లేదు, ఎకో లేదు. పక్కన ఎవరున్నారో కనబడదు గనక ఎవరి మీదా ప్రార్థించడానికి వీల్లేకపోయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో, "అయ్యా, మా నాన్న మళ్లీ తాగుతున్నాడు. అమ్మ అన్నం తినట్లేదు. నాకేం చెయ్యాలో తెలీట్లేదు" అన్నారు. అంతే, ఆమేన్ కూడా అనలేదు. ఆ గొంతు కీబోర్డు తమ్ముడిదని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆరేళ్లుగా మందిరంలో చూస్తున్న కుర్రాడు, మాట విన్నది అప్పుడే. బయటికొచ్చేసరికి ఆరున్నర దాటింది.

రిజిస్టరులో సంతకాలు లేవు. వెలుతురు లేక ఫోటో తీయలేదు. టిఫిను వండలేదు. కావున ఆ రోజును కమిటీ లెక్కలోంచి తీసేసింది. ఇలాంటిది మళ్లీ జరగకుండా జనరేటరుకు మూడు కొటేషన్లు అడిగాం.