కిరాయిదారుని మండలంగా ప్రకటించాలి

ఇల్లు మారడం పెద్ద పనేం కాదు. ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే పొద్దుగూకేలోపు సామాను కొత్తింట్లో పడుతుంది, పాలు పొంగుతాయి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని పక్కింటివాళ్లు ఆరా తీయడం కూడా అయిపోతుంది. మారనిదల్లా కాగితం.

నల్గొండలో రామగిరి నుంచి పానగల్లుకు మారిన మనిషి తాను నిజంగానే మారానని రుజువు చేసుకోవాలి. ఆధార్‌కు కరెంటు బిల్లు చాలు, మూడు నెలలు దాటనిదైతే. కానీ బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది. కొన్నిచోట్ల ఓనర్ వాళ్ల నాన్న పేరు మీద, ఆయన పోయి ఏళ్లు గడిచినా ఉంటుంది. అంటే కాలం చేసిన పెద్దాయన ఫ్యాను వేసుకుంటున్నట్టు సర్కారు దగ్గర లెక్క ఉంది, బతికున్న కిరాయిదారు ఆ ఇంట్లో పడుకుంటున్నట్టు లేదు. పోనీ అగ్రిమెంటు రాయమంటే ఓనర్ ముఖం మారిపోతుంది. ‘సంతకం పెడితే రేపు ఇల్లే నాదంటవా బిడ్డా?’ అంటాడు. నెలనెలా కిరాయి తీసుకునేటప్పుడు ఈ అనుమానం రాకపోవడం మన అదృష్టం.

ఇదే సర్కారు 2016 అక్టోబర్ 11న మండలాలను పంచి కొత్త జిల్లాలు చేసినప్పుడు ఏమైందో గుర్తు చేసుకుందాం. సూర్యాపేట, భువనగిరి జనం మంచం కూడా జరపకుండానే నల్గొండ జిల్లాలోంచి బయటపడ్డారు. నారాయణపేటవాళ్లది మరీ చిత్రం. 2014లో రాష్ట్రం మారింది, 2019లో జిల్లా మారింది, మనుషులు మాత్రం అదే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒకే రేకుల కింద తాత స్కూటర్‌కు ఏపీ, కొడుకు బండికి టీఎస్, మనవడి బండికి టీజీ. ఇంతమందిని ఒక్క దెబ్బకు కదిలించినప్పుడు ఎవరినీ కరెంటు బిల్లు అడగలేదు. మాట మీద నిలబడ్డది పిన్‌కోడ్ ఒక్కటే. నల్గొండకు లాగే సూర్యాపేటకూ భువనగిరికీ ఇప్పటికీ 508తోనే మొదలవుతుంది.

ఇక ఉత్తరాలు. పాత పోస్టాఫీసులో కొత్త అడ్రస్ రాసిస్తే అటు పంపే ఏర్పాటు ఉంది. మనవాళ్లు ఆ పని చేయరు. పాతింటి ఓనరమ్మకు ‘ఏమన్నా వస్తే పెట్టి ఉంచు అక్కా’ అని చెప్పి వస్తారు. అక్క నిజంగానే పెట్టి ఉంచుతుంది, ఫ్రిజ్ మీద. పండక్కి వెళ్లి చూస్తే బ్యాంకు కవరు వెనక పాల లెక్క ఉంటుంది, నాలుగో తారీఖు కొట్టేసి ఉంటుంది. లోపల ఏటీఎం కార్డు. ఇంతకన్నా భద్రమైన లాకర్ ఏ బ్యాంకులో ఉంది చెప్పండి? పాస్‌పోర్టుకు మాత్రం ఈ ఫ్రిజ్ యోగం లేదు. అసలు మనిషి చేతికే ఇస్తారు, దొరక్కపోతే వచ్చిన దారినే పోతుంది.

పెళ్లి కార్డు సంగతి వేరు. దానికి డోర్ నంబర్, అందులోని ‘బై’లు, గీతలు అక్కర్లేదు. ‘బావా, గడియారం సెంటర్ దాటిన, ఇప్పుడెటు?’ అని ఫోన్ వస్తుంది, ఐదు నిమిషాల్లో బొట్టు పెట్టి చేతిలో పెడతారు. మనం ఇల్లు మారినట్టు ఎవరూ చెప్పకపోయినా వాళ్లకెలా తెలుస్తుందో నిఘా విభాగాలు అధ్యయనం చేయాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఇల్లు మారాలనుకున్న ప్రతి కిరాయిదారుని ఒక మండలంగా ప్రకటించాలి. ఒక ముసాయిదా నోటిఫికేషన్, ఆ వెంటనే తుది ఉత్తర్వు. రుజువులు లేవు, ఓనర్ సంతకం లేదు, మంచాలు, బీరువాలతో సహా రామగిరి నుంచి పానగల్లులో విలీనం. అభ్యంతరాలు ఉన్నవాళ్లు నెల రోజుల్లోగా పోస్టులో పంపవచ్చు, పాతింటి అడ్రస్‌కే. అక్క పెట్టి ఉంచుతుంది.