దుబాయ్‌కి రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు

ఉద్దానం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంలో రెండున్నర గంటలే, తిరిగి రావడానికి ఐదు గంటలు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు దుబాయే మనకు ఎదురొస్తుంది. సిక్కోలులో పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి దుబాయ్‌లో ఉండొచ్చు" అని. ఇందులో భూమి తిరిగే దిక్కు ఒక్కటే నిజం.

ముందు ఆ రెండున్నర గంటల సంగతి. టికెట్ మీద బయల్దేరేది 10:00, దిగేది 12:30 అని ఉంటే మొదటిది మన టైమ్, రెండోది దుబాయ్ టైమ్. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. అక్కడ 12:30 అంటే ఇక్కడ 2:00. అంటే నాలుగు గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు అక్కడ 10:00కి ఎక్కితే ఇక్కడ 3:00కి దిగుతారు. ఎక్కేసరికే మనకు 11:30 కాబట్టి పట్టేది మూడున్నర గంటలే. మెసేజ్ చెప్పినదానికి పూర్తిగా తిరగబడింది చూడండి, వెళ్లడానికే ఎక్కువ! కువైట్, ఖతార్, సౌదీ అయితే గడియారాల తేడా రెండున్నర గంటలు.

నాకు ఈ మెసేజ్ మీద కోపం ఎందుకంటే, మా మేనల్లుడు మొదటిసారి వెళ్లిన రోజు మా అప్ప పన్నెండున్నర నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుంది. "ఏట్రా, దిగిపోతాడన్నారు, ఇంకా ఫోన్ రాలేదేటి?" అని ఏడుపొక్కటే తక్కువ. వాడు అప్పటికింకా సముద్రం మీద ఉన్నాడు. మూడు దాటాక ఫోన్ చేశాడు. అంతసేపూ ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇక భూమి ఎదురు రావడం. మన ప్రాంతంలో నేల గంటకు సుమారు 1,580 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. విమానం వేగం 850 ప్రాంతం. హైదరాబాద్, దుబాయ్‌ల మధ్య గాలిదూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. మెసేజ్ నిజమైతే గంట దాటగానే దుబాయ్ చేరిపోవాలి. తిరిగొచ్చే విమానమైతే హైదరాబాద్‌ను ఎప్పటికీ అందుకోలేదు. అలా జరగదు, ఎందుకంటే నేలతోపాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోని విమానమూ తిరుగుతుంది. ఆమదాలవలసలో రైలెక్కి, పలాస వెళ్లే దారిలో జీడిపప్పు పొట్లం పైకి ఎగరేయండి. మీ చేతిలోనే పడుతుంది, వెనక సీటువాళ్ల ఒళ్లో కాదు.

మరి వెళ్లడానికీ రావడానికీ మధ్య ఆ అరగంట తేడా పైగాలిది. చలికాలంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి బలంగా వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెన్నుదన్ను. వానాకాలంలో దక్షిణ భారతం మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి తేడా తగ్గుతుంది. కారణం భూమి తిరగడమే అయితే నెలను బట్టి మారదు కదా. గాలుల దిక్కు మీద భూభ్రమణం ప్రభావం ఉన్న మాట నిజమే, కానీ మెసేజ్ చెప్పేది అది కాదు.

మధ్యాహ్నానికి దుబాయ్ అన్నది వట్టి మాట. సిక్కోలు నుంచి హైదరాబాద్‌కి రైల్లో పన్నెండు గంటల పైనే. వైజాగ్‌లో విమానం ఎక్కినా, అక్కడికి రోడ్డు మీదే రెండు గంటలు, హైదరాబాద్‌కి గంటంపావు, అక్కడ విదేశీ విమానానికి మూడు గంటల ముందు ఉండాలి, ఆపైన ఈ నాలుగు గంటలు. ఇచ్ఛాపురం వాళ్లకు ఇంకో వంద కిలోమీటర్ల పైచిలుకు అదనం. దుబాయ్ వెళ్లే పిల్లలు దిగే టైమ్‌కి గంటన్నర కలిపి, మన లెక్కలో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఇమిగ్రేషన్, లగేజీకి ఇంకో గంట వేసుకోమనండి.