మీ సైకిల్ నంబరెంత?

మా ఆఫీసు హెచ్‌ఆర్ వాళ్లు భూమిని కాపాడాలని నిర్ణయించారు. ఎప్పుడు కాపాడాలో కూడా వాళ్లే ఖాయం చేశారు. జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పది దాకా. పదింటికి క్లయింట్ కాల్ ఉంది కాబట్టి భూమికి అంతకంటే టైమ్ ఇవ్వడం కుదరదు.

మెయిల్ మాత్రం ముచ్చటగా ఉంది. పైన ఒక ఆకు, ఆకు మీద సైకిల్, సైకిల్ మీద పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న విదేశీ అమ్మాయి. ఆమె వెనకున్న రోడ్డు మన హైదరాబాద్‌ది కాదని ఇట్టే తెలిసిపోతుంది. దాని పక్కన ఫుట్‌పాత్ ఉంది, దాని మీద మనుషులు నడుస్తున్నారు. కింద ఇలా రాశారు: "ఈ ఒక్కరోజైనా సైకిల్ మీదో, బస్సులోనో, నడిచో ఆఫీసుకొద్దాం. మన కార్బన్ పాదముద్రను తగ్గిద్దాం." అంటే మన వల్ల గాల్లో కలిసే పొగ లెక్కన్నమాట.

ఈ ఒక్కరోజైనా! పదకొండేళ్లుగా నేను బస్సులో వచ్చి, మిగిలిన దూరం నడుస్తున్నాను. కారు కొనలేకే వస్తున్నానని ఆఫీసులో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నాళ్లూ నేను చేసింది పర్యావరణ సేవ అని తెలిసి ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. "అయితే జీతం పెంచుతారా?" అంది.

తేదీ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణ సదస్సు జూన్ 5న మొదలైంది కాబట్టి ఐక్యరాజ్యసమితి ఆ తేదీని పట్టుకుంది. వాళ్లకు జూన్ అంటే హాయిగా సైకిల్ తొక్కుకునే కాలం. మన పంచాంగంలో అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో ప్రాజెక్ట్ మేనేజర్లు ఏ మూలకు?

మెయిల్‌తో పాటు ఒక ఫారం వచ్చింది. 'మీరు ఆఫీసుకు ఎలా వస్తారు?' అన్న ప్రశ్న కింద కారు, క్యాబ్, కార్‌పూల్, ఎలక్ట్రిక్ కారు, టూ వీలర్ అన్నీ ఉన్నాయి. బస్సు లేదు. నడక లేదు. చివర్లో 'ఇతరములు' ఉంది. నేను ఇతరముల మీద నొక్కాను. వెంటనే 'దయచేసి వివరించండి' అంటూ గడి తెరుచుకుంది. ఏం వివరించను? రెండు కాళ్లు, ఒకదాని తర్వాత ఒకటి?

పాదముద్ర తగ్గించమన్నారు గానీ, మా దారిలో అది రోజూ తగ్గుతూనే ఉంది. అసలు పాదం మోపే జాగా ఉంటే కదా ముద్ర పడటానికి! బస్సు దిగ్గానే ఓ పది అడుగులు ఫుట్‌పాత్ ఉంటుంది, ఇది శాంపిల్. తర్వాత కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మర్. అది దాటితే టీ బండి. దాన్ని నేనేమీ అనను, అక్కడే టీ తాగుతాను. తర్వాత పార్క్ చేసిన మూడు బుల్లెట్లు. తర్వాత డ్రైనేజీ మీద పలక లేని చోట, జాగ్రత్త అని చెప్పడానికి ఎవరో గుచ్చిన చెట్టుకొమ్మ. పోయిన వర్షాకాలంలో అది చిగురేసింది కూడా. మా ఏరియాలో జరిగిన హరిత కార్యక్రమం అదొక్కటే. 2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. మా రోడ్డులో ఆ హక్కు ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చి ఆగింది.

ఇక రోడ్డు దాటడమంటారా, కుడిచెయ్యి ఎత్తి, అరచేయి కార్ల వైపు చూపించి, కళ్లు సగం మూసి నడవాలి. గుళ్లో దేవుడు అలా చెయ్యెత్తితే అభయం. నడిరోడ్డు మీద మనం ఎత్తితే శరణు.

సరే. బస్సు, నడక ఇతరముల్లోకి పోయాయి కాబట్టి, సైకిల్ తొక్కితే ఇచ్చే టీషర్ట్ మీద ఆశతో మా వాడి పాత సైకిల్ బయటికి తీశాను. కొండాపూర్ నుంచి ఆరు కిలోమీటర్లు. దారి గురించి చెప్పుకునేదేమీ లేదు. హారన్లు, చెమట, ఒక బస్సు డ్రైవర్ జాలి చూపు. అసలు కథ గేటు దగ్గర మొదలైంది.

సెక్యూరిటీ అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నడిచేటోళ్లు ఆ పక్కకెళ్లి పోవాలె సార్."

"నడవట్లేదన్నా, సైకిల్ మీద వచ్చాను."

"అట్లయితే వెహికిల్ లైన్ల రండి."

వెనక్కి వెళ్లి వెహికిల్ లైన్లో నిలబడ్డాను. ముందొక పెద్ద ఎస్‌యూవీ, వెనకొక పెద్ద ఎస్‌యూవీ, రెండు దున్నపోతుల మధ్య మేకపిల్లలా నేను. అన్న చేతిలో కర్ర, కర్ర చివర అద్దం. ముందున్న బండి కింద బాంబు ఉందేమో చూసి పంపాడు. అలవాటు కొద్దీ నా సైకిల్ కిందకూ అద్దం తోశాడు. రోడ్డు కనబడింది. పక్కనే నా చెప్పులు కనబడ్డాయి. "డిక్కీ..." అని మొదలుపెట్టి, క్యారియర్ వైపు చూసి ఆగిపోయాడు.

"వెహికిల్ నంబర్ చెప్పండి సార్."

"సైకిల్‌కు నంబర్ ఎక్కడిదన్నా?"

"నంబర్ కొట్టకుంటే సిస్టం తీస్కుంటలేదు సార్."

సిస్టం తప్పేముంది? నంబర్ ప్లేట్ లేని బండి కూడా భూమ్మీద తిరుగుతుందని దానికెవరూ చెప్పలేదు. వెనక ఎస్‌యూవీ హారన్ కొట్టింది. అన్న సూపర్‌వైజర్‌ను పిలిచాడు. సూపర్‌వైజర్ వాకీటాకీలో ఫెసిలిటీస్ వాళ్లను పట్టుకున్నాడు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"సైకిల్ వచ్చింది సార్, ఓవర్."

"మోటార్ సైకిలా? ఓవర్."

"కాదు సార్, ఉత్త సైకిల్. ఓవర్."

"ఉత్త సైకిల్ అంటే? ఓవర్."

"తొక్కేది సార్. ఓవర్."

అటువైపు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఫ్రేమ్ మీద నంబర్ ఉంటుంది చూడమని ఆదేశం వచ్చింది. రోహిణి కార్తె ఎండలో, కాలుతున్న సిమెంటు మీద మోకాళ్లూని, మెడ వంచి, పెడళ్ల మధ్య తుప్పులో నంబర్ వెతికాను. అన్న తన జేబురుమాలు తడిపి రుద్దాడు. ఎనిమిది అంకెలు బయటపడ్డాయి. ఒకటి మూడో, ఎనిమిదో తేలలేదు. ఎనిమిదే ఖాయం చేశాం. సిస్టం పది కావాలంది. ముందు రెండు సున్నాలు పెట్టాం.

తర్వాతి గడి ఇంధనం. పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్.

"ఏది కొట్టాలె సార్?"

"పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నానన్నా."

అన్న స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "డీజిల్ కొడుతున్న సార్" అన్నాడు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలో ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. స్క్రీన్ మీద ఏం వస్తే అది అడిగాడు. "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా సార్?"

లేదన్నాను. లేదనే రాసుకున్నాడు. ఆ విధంగా ప్రపంచ పర్యావరణ దినోత్సవం రోజున మా ఆఫీసు రికార్డులో, పొల్యూషన్ సర్టిఫికెట్ లేని ఒక డీజిల్ వాహనం లోపలికి ప్రవేశించింది. దాని డ్రైవర్ని నేను.

ప్రవేశించింది అన్నాను గానీ, ఇంకా లేదు. స్టిక్కర్ మిగిలింది. అది ముందు అద్దానికి లోపలి వైపు అంటించాలని రూలు. మేమిద్దరం సైకిల్ చుట్టూ ఒకసారి ప్రదక్షిణ చేశాం. అద్దం దొరకలేదు. చివరికి అన్న ఆ స్టిక్కర్‌ను నా హెల్మెట్ ముందు భాగాన, సరిగ్గా నుదుటి మీద, విభూతి పెట్టినంత భక్తిగా అంటించాడు.

ఇదంతా జరుగుతుండగా గేటు బయట, యూటర్న్ దగ్గర మా వైస్ ప్రెసిడెంట్ గారి కారు ఆగింది. కారు వెనక స్టాండుకు సైకిల్ కట్టి ఉంది. మా వీధిలో దాని ఖరీదుకు రెండు స్కూటర్లు వస్తాయి. డ్రైవర్ దాన్ని దించి, టైర్లు తుడిచి, పట్టుకుని నిలబడ్డాడు. సార్ గ్లవ్స్ వేసుకుని, ఎక్కి, దాదాపు వంద గజాలు తొక్కారు. గేటు దగ్గర కర్రా లేదు, అద్దమూ లేదు. అడ్డుగడ దానంతటదే లేచింది. ఫొటోలు తీస్తుంటే ఒకసారి సరిగ్గా రాలేదని సార్ వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చారు. ఆ లెక్కన ఆయన మొత్తం మూడు వందల గజాలు తొక్కారని నేను ఒప్పుకోవాలి. వెనకే డ్రైవర్ ఖాళీ కారును తెచ్చి బేస్‌మెంట్లో పెట్టాడు.

సార్‌కు సైకిల్ కొత్తేమీ కాదు. ప్రతి ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తొక్కుతారు. 2023 అక్టోబరు 1న అక్కడ 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకలు, 16 మెగావాట్ల కరెంటు, కింద చల్లటి నీడ. పక్కనున్న ఔటర్ మీదికి సైకిల్‌ను కాదు, మోటార్ సైకిల్‌నే రానివ్వరు. అందుకే చాలామంది ఆ ట్రాక్ దాకా సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్తారు. పొట్ట తగ్గించుకునేవాడికి 23 కిలోమీటర్ల నీడ కట్టాం. పొట్టకూటి కోసం బస్సెక్కే మనిషికి మా స్టాపులో మూరెడు నీడ లేదు. ఉన్న కాస్త రేకు కింద ప్రకటనల బోర్డు నిలబడింది. దానికి ఎండ తగలకూడదు కదా!

సైకిల్ ఎక్కడ పెట్టాలని అన్నను అడిగాను. బేస్‌మెంట్లో మూడో అంతస్తు, డ్రైనేజీ నీళ్ల మోటారు పక్కన పెట్టమన్నాడు. "కొంచెం వాసనొస్తది సార్." తర్వాత గేటు బయట కరెంటు స్తంభం వైపు వేలు చూపించాడు. గొలుసుతో కట్టేసిన నల్ల సైకిల్, సీటు మీద వానకు కప్పిన పాల ప్యాకెట్ కవర్. "నాది సార్. స్టాఫ్‌వి కావు గదా, మావి లోపలికి రానియ్యరు. ఆరేండ్ల నుంచి ఆడనే కడుతున్న."

ఆరేళ్లుగా రోజూ సైకిల్ మీద వచ్చి, పన్నెండు గంటలు నిలబడే మనిషి, సైకిల్ మీద వంద గజాలు వచ్చిన మనిషికి సెల్యూట్ కొట్టాడు. ఆయనకు ఆ ఫారం రాలేదు. ఆయన కాంట్రాక్టర్ మనిషి, ఇతరముల్లో కూడా లేడు.

లోపల సభ జరిగింది. 'గ్రీన్ ఛాంపియన్' ఎవరో మీరే ఊహించుకోండి. ప్లాస్టిక్ కవర్లో టీషర్ట్, ప్లాస్టిక్ సీసాల్లో నిమ్మరసం, పెద్ద కుండీలో మనీప్లాంట్ ఇచ్చారు. నిమ్మరసం పంచుతున్నది మా ఫ్లోర్ ఊడ్చే అక్క. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"సారూ, సైకిల్ తొక్కితే గిఫ్ట్ ఇస్తరా?"

"ఇస్తారక్కా."

"మా ఆయన రోజూ తొక్కుతడు."

తను మూసాపేట అవతల నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. డ్యూటీ ఆరింటికి. ఆ రోజు రెండో బస్సు రాలేదు. ఇరవై నిమిషాలు లేటు. కాంట్రాక్టర్ సగం రోజు కూలి కోసేశాడు. ఆ కోతకు సంతకం పెట్టి వచ్చి, సైకిల్ తొక్కిన వాళ్లకు నిమ్మరసం పంచుతోంది.

ఇదే ఆఫీసులో ఏసీ క్యాబ్ దిగి, "2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు పెట్టినప్పటి నుంచి దేశం పాడైపోయింది" అని లెక్చర్లిచ్చే వాళ్లను రోజూ వింటాను. ఏం బాబూ, నువ్వు పొద్దున ఎక్కి వచ్చిన ఫ్లైఓవర్‌కు టికెట్ కొట్టారా? కోట్లు పోసి కట్టి నీకు ఊరికే ఇచ్చారు కదా, అది జీరో టికెట్ కాదా? నీ కారు రోజంతా ఆక్రమించిన రోడ్డు నీ నాన్న కొన్నదా? బస్సు రాకపోతే నీ జీతం కోస్తారా?

2011 జనాభా లెక్కలు చూడండి. వ్యవసాయం కాని పనులకు వెళ్లే వాళ్లలో కారెక్కి పోయేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. నడిచీ సైకిల్ తొక్కీ పోయేవాళ్లు వాళ్లకు పదింతలకు పైనే. ఈ దేశం ఎప్పటి నుంచో నడిచే ఆఫీసుకు పోతోంది, ఎవరి మెయిలూ అందకుండానే. వాళ్లకు మనం ఏమిచ్చాం? కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో రోడ్ల మీద చనిపోయింది 1,68,491 మంది. అందులో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు తొంభై మంది. తెల్లారి లేచి, డబ్బా కట్టుకుని, చెయ్యెత్తి రోడ్డు దాటుతూ పోయారు. ఆకు బొమ్మ వేసి 'ఒక్కరోజైనా నడుద్దాం' అని రాసిన చేతికి సిగ్గుండాలి.

సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర మళ్లీ లైను. ఛాంపియన్ గారి కుండీ కారు వెనక సీట్లో వెళ్లింది, సీటు బెల్టు పెట్టారు. సైకిల్ మీద అంత కుండీ పట్టదు కదా. నా వంతు వచ్చేసరికి అన్న చెయ్యి చాపాడు.

"స్టిక్కర్ వాపస్ ఇయ్యాలె సార్. ఇయ్యాల ఒక్కరోజుకే అది. లేకుంటే నా మీద రాస్తరు."

గోటితో గీకాను, రాలేదు. ఎండకు జిగురు కరిగి హెల్మెట్‌కు పట్టేసింది. అన్న తన సైకిల్ తాళంచెవి తీసి, నా తల పట్టుకుని, వెనక కార్లు హారన్లు కొడుతుంటే, అంచు నుంచి మెల్లగా గీకడం మొదలుపెట్టాడు. 'డీజిల్' అన్న ముక్క మాత్రం ఊడిరాలేదు.